గార పళ్ళు అనకండి

తెలుగులో పళ్ళను పొగడటానికి మాటలకు కొదవ లేదు. ముత్యాల పలువరుస అంటాం, మల్లెమొగ్గలు అంటాం, దానిమ్మ గింజలు అంటాం. మనం చదివే కావ్యాల్లో నాయిక నవ్విందంటే వెన్నెల కాయాల్సిందే. మరి నవ్వితే వెన్నెల కాయని వాళ్ళ సంగతి? వాళ్ళకు మనం ఎప్పుడూ వాడేది ఒకటే మాట, గార పళ్ళు. గోడకు పూసేదీ గారే, పంటికి పట్టేదీ గారే. ఆ మాట రంగు చెప్పి ఊరుకోదు, తీర్పు కూడా చెప్పేస్తుంది. ఈ పిల్ల శుభ్రంగా ఉండదు, సరిగా పళ్ళు తోముకోదు అని.

ఆ మాటను నేను మన కాలేజీలో విన్నాను, హాస్టల్లో విన్నాను, బస్సులో విన్నాను. నవ్వులాటకు అన్నదే, ఎవరిమీదా కోపంతో అన్నది కాదు. అయినా అన్న తర్వాత ఏమవుతుందో ఎప్పుడైనా గమనించారా? ఆ పిల్ల ఆ రోజునుంచి నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఫోటో తీసేటప్పుడు పెదవులు బిగిస్తుంది. సెమినార్లో పేపర్ చదవమంటే పక్కనున్నదాని పేరు చెబుతుంది. మన శాఖలో అట్ల చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు ఎవరెవరో నాకు తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది కృష్ణగిరి, ధర్మపురి పల్లెలనుంచి వచ్చినవాళ్ళే. నేనూ ఆ పల్లెల పిల్లనే. నా పైపళ్ళ మీద గోధుమరంగు గీతలు అడ్డంగా ఉంటాయి, అక్కడక్కడా సుద్ద పూసినట్టు తెల్ల మచ్చలు ఉంటాయి. నన్ను చూసినవాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి దాచేదేమీ లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. మన ప్రాంతంలో చాలామంది పళ్ళ మీదున్న మచ్చ మురికి వల్ల రాలేదు, చిన్నప్పుడు తాగిన నీళ్ళ వల్ల వచ్చింది. అందుకు పిల్లలు సిగ్గుపడాల్సిన పని లేదు. పళ్ళు తెల్లబెట్టించడానికి అప్పు చేసే ముందు మన నీళ్ళ సంగతి అడగడం నేర్చుకోవాలి.

రంగు మారిన పళ్ళన్నీ ఒకటి కాదు

ముందు ఒక సంగతి. ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా కాగితం మాదిరి తెల్లగా ఉండదు. పైనున్న ఎనామెల్ పొర కొంచెం గాజులాంటిది, దానిగుండా వెలుతురు లోపలికి పోతుంది. దాని కింద ఉండే డెంటిన్ పసుపు ఛాయలో ఉంటుంది. ఆ పసుపు పైకి తెలుస్తుంది, అంతే. వయసు పెరిగేకొద్దీ ఎనామెల్ అరిగి పల్చబడుతుంది, పసుపు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. టీవీ ప్రకటనల్లో మెరిసే తెలుపు మామూలు మనిషి నోట్లో పుట్టే తెలుపు కాదు.

ఇక మరకల విషయం. మా ఇంట్లోనే మూడు రకాలు ఉన్నాయి.

మొదటిది మా జేజిది. జేజి యాభై ఏండ్లుగా ఆకూవక్క వేస్తా ఉంది. ఆమె పళ్ళు ఎర్రగా, అంచుల్లో నల్లగా ఉంటాయి. ఇది పంటి పైన పట్టిన మరక. టీ, కాఫీ, పొగాకు, కొన్ని రకాల మౌత్‌వాష్ కూడా ఇట్లాంటి మరకే తెస్తాయి. దంతాల డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించుకుంటే ఇది చాలావరకు పోతుంది. అసలు గార అనాల్సింది దీంతోపాటు గట్టిపడి పేరుకునే పాచినే. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని మా ఊర్లో భయపడతారు. నిజానికి పళ్ళను వదులు చేసేది చిగుళ్ళ కింద పేరుకున్న ఆ గారే. దాన్ని తీసేసినాక సందులు కనిపిస్తాయి, నాలుకకు కొత్తగా తగులుతుంది, అందుకే అట్ల అనిపిస్తుంది.

రెండోది మా మేనమామ కొడుకుది. సైకిల్ మీదనుంచి పడి ముందరి పంటికి దెబ్బ తగిలింది. పన్ను ఊడలేదు గానీ కొన్ని నెలలకు బూడిద రంగుకు తిరిగింది. లోపలున్న నరం, రక్తనాళం చచ్చిపోతే అట్ల అవుతుంది. దీనికి వైద్యం లోపలినుంచి చేయాలి, పైన ఎంత తోమినా లాభం లేదు.

మూడోది నాది. ఇది పన్ను తయారయ్యేటప్పుడే ఎనామెల్‌లో కలిసిపోయిన మచ్చ. పేరు డెంటల్ ఫ్లోరోసిస్. చిన్నపిల్లల దవడలో శాశ్వత దంతాలు తయారవుతున్న కాలంలో, అంటే పుట్టినప్పటినుంచి సుమారు ఎనిమిదేండ్ల వయసుదాకా, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే ఎనామెల్ సరిగా గట్టిపడదు. తక్కువగా ఉంటే తెల్ల గీతలు, ఎక్కువైతే గోధుమరంగు మచ్చలు, ఇంకా ఎక్కువైతే గుంటలు. ఎనిమిదేండ్లు దాటినాక అదే నీళ్ళు తాగినా పైకి కనిపించే పళ్ళకు ఈ మచ్చ కొత్తగా రాదు. వచ్చిన మచ్చ పోదు కూడా. పెరిగి పెద్దయినాక ఎంత శుభ్రంగా ఉన్నా మార్చలేని సంగతి ఇది.

జేజి దీన్ని డాక్టర్లకంటే బాగా చెప్పింది. "నేను ఆకూవక్క తిన్నా, నా పండ్లు ఎర్రగయినాయి. అది నా తప్పే. నీ పండ్లేం తప్పు చేసినాయే పాపా, అవి చిగుళ్ళనుంచి వచ్చేటప్పుడే మచ్చతో వచ్చినాయి కదా!"

మా అమ్మది తమిళం. ఆమె దీన్ని 'పల్లు కరై' అంటుంది. కరై అంటే మరక. మనకూ ఆ మాట ఉంది, అరటికాయ కర, మామిడికాయ కర అంటాం. చీరకు కర అంటితే ఎవరూ చీరను తిట్టరు, ఎక్కడ అంటిందో చూస్తారు. పళ్ళ దగ్గర మాత్రం మనం పిల్లను తిడతాం.

జేజికి లేని మచ్చ నాకెట్ల వచ్చింది?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఒకే వంట. జేజి పళ్ళను క్లీనింగ్ చేయించినప్పుడు చూసినాను. ఎరుపు పోయినాక కింద ఒక్క గీత లేదు. మా నాయన పళ్ళ మీద కొంచెం ఉంది. నా మీద బాగా ఉంది.

తేడా నీళ్ళలో ఉంది. జేజి చిన్నప్పుడు తాగింది దిగుడుబావి నీళ్ళు, చెరువు పక్కన చెలమ నీళ్ళు. అవి వానకు నిండే నీళ్ళు, నేలకు దగ్గరగా ఉండే నీళ్ళు. నాయన పెరిగే కాలానికి ఊర్లో చేతిపంపు వచ్చింది. నేను పుట్టేనాటికి బావి ఎండి, మోటారు బోరు, దానిమీద సిమెంటు ట్యాంకు వచ్చినాయి. మన ప్రాంతం కింద ఉన్నది గ్రానైట్, నైస్ జాతి రాయి. ఆ రాళ్ళలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్ళు ఆ రాళ్ళ పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచి ఉంటే అది నెమ్మదిగా నీళ్ళలోకి కరుగుతుంది. బావి ఎండిపోయి ఇంకా లోతుకు, ఇంకా లోతుకు తవ్వుకుంటా పోయినాం. ఆ లోతు నీళ్ళే మా పళ్ళ మీద గీతలు గీసినాయి.

ఈ నీళ్ళు రంగు మారవు, వాసన రావు, రుచిలో తేడా తెలియదు. పైపెచ్చు బావి నీళ్ళకంటే తేటగా కనిపిస్తాయి. కాబట్టి మా అమ్మానాయనలకు తెలిసే వీలే లేదు. మన దేశంలో తాగునీళ్ళ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాములదాకా ఒప్పుకుంటారు. కంటితో చూసి ఈ లెక్క చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు వచ్చినాడు. ఆ ఊరి పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయినాడు. ఊరివాళ్ళను అడిగితే పందిమాంసం ఎక్కువ తినడం వల్ల అన్నారు, పాలు మంచివి కావన్నారు. అక్కడా తప్పు తిండిమీదికే పోయింది చూడండి. ఆయన ఏండ్ల తరబడి వెతికినాడు. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లే అనే ఊరికి పోయినప్పుడు అక్కడి తల్లిదండ్రులు ఒక మాట చెప్పినారు. దూరపు వేడినీటి ఊటనుంచి ఊరికి పైపు వేసినాకే పిల్లల పళ్ళమీద ఈ మచ్చలు వచ్చినాయని. ఆ పైపు మానేసి వేరే ఊట నీళ్ళు వాడమని ఆయన సలహా ఇచ్చినాడు. కొన్నేండ్లకు చిన్నపిల్లలకు మచ్చలేని పళ్ళు వచ్చినాయి. నీళ్ళలో ఉన్నది ఫ్లోరైడ్ అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టేదాకా కారణం పేరు ఎవరికీ తెలియదు. కానీ నీళ్ళే కారణమని ఇంట్లో పిల్లలను కనిపెట్టి చూసేవాళ్ళకు ముందే తెలిసింది.

మన తెలుగువాళ్ళకు ఇందులో ఇంకో సంబంధం ఉంది. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును శాస్త్రీయంగా మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. షార్ట్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్ళు రాసినారు. నీళ్ళలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్ళు తయారుచేస్తే, దానికి పెట్టిన పేరు నల్గొండ పద్ధతి. ఒక తెలుగు జిల్లా పేరు ప్రపంచంలోని నీళ్ళ పుస్తకాలన్నిటిలో ఉంది, అదీ ఈ కారణానికి. దీని గురించి నేను చదివిన పద్యం లేదు, పాఠం లేదు. గార పళ్ళు అనే వెక్కిరింత మాత్రం ఉంది.

మా తమ్ముడి పళ్ళు

మా తమ్ముడు నాకంటే ఏడేండ్లు చిన్న. వాడు నిద్రలేచి పళ్ళు తోమడానికి అమ్మ రోజూ యుద్ధం చేయాలి. ఆకలికి మిఠాయి, నిద్రకు ముందు బిస్కెట్టు. అయినా వాడి పళ్ళు మచ్చ లేకుండా ఉంటాయి. నేను చిన్నప్పటినుంచి రెండు పూటలా తోముకుంటాను. శుభ్రతే కారణమైతే ఈ లెక్క తిరగబడాలి.

వాడి పళ్ళు తయారయ్యే కాలానికి మా ఊరికి హొగేనకల్ నీళ్ళు వచ్చినాయి. కావేరి నీళ్ళను ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తెచ్చే ఆ పథకం పూర్తి పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అనే మాట ఉంది. జపాన్ అప్పుతో కట్టినారు. 2008లో దీనిమీద రెండు రాష్ట్రాల మధ్య పెద్ద గొడవ జరిగింది, 2013లో నీళ్ళు వదిలినారు. మనలాంటి సరిహద్దు మనుషులకు నీళ్ళ గొడవలు కొత్త కాదు. ఏ పక్షం మాట ఎట్లున్నా, మా ఇంట్లో ఆ పైపుకు ముందు పుట్టిన నోరు ఒకటి, తర్వాత పుట్టిన నోరు ఒకటి పక్కపక్కన కూర్చుని అన్నం తింటా ఉన్నాయి. చూసేవాళ్ళకు ఇంకో సాక్ష్యం అక్కర లేదు.

అయితే కథ అక్కడ అయిపోలేదు. మా ఊర్లో ఆ నీళ్ళు రోజూ రావు. వచ్చినరోజు బిందెలు, డ్రమ్ములు నింపుకుంటాం. అయిపోతే మళ్ళీ బోరే. తాగడానికి ఆ నీళ్ళు, వంటకు ఈ నీళ్ళు అని విడదీసేవాళ్ళూ ఉన్నారు. వంటలో పోసిన నీళ్ళు కూడా కడుపులోకే పోతాయి కదా! పక్క వీధిలో నాలుగేండ్ల పాప ఉంది. ఆమె శాశ్వత దంతాలు ఇప్పుడు చిగుళ్ళ లోపల తయారవుతా ఉన్నాయి. ఇంకో నాలుగేండ్లు మంచి నీళ్ళు దొరికితే చాలు, చాలావరకు తప్పించుకుంటుంది. నాకు అన్నిటికంటే ముందు కనిపించేది ఆ నాలుగేండ్లే.

తెల్లబెట్టే వైద్యం ఏం చేస్తుంది, ఏం చేయలేదు

మా పెద్దనాయన కూతురు, మా అక్క, నాకంటే ఐదేండ్లు పెద్ద. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పోతా పోతా, "పిల్ల బంగారం మాదిరి ఉంది, పండ్లు మాత్రం కొంచెం చూపించండి" అన్నారు. ఆ 'కొంచెం'కు పెద్దమ్మ గొలుసు కుదువ పెట్టింది. టౌన్లో ఒక క్లినిక్‌లో తొమ్మిది వేలు కట్టి బ్లీచింగ్ చేయించినారు. చేసేముందు ఈ మచ్చ ఎక్కడిదని ఎవరూ అడగలేదు, ఏ ఊరి నీళ్ళు తాగినావని అడగలేదు. రెండు సిట్టింగులు అయినాక గోధుమరంగు కొంచెం వెలిసింది. కానీ చుట్టూ ఉన్న పన్ను తెల్లబడేసరికి సుద్ద మచ్చలు ముందుకంటే ఎక్కువ కనబడినాయి. వారం రోజులు చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమని లాగేది. తర్వాత వేరే ఊర్లో ఒక డెంటల్ కాలేజీకి పోయినప్పుడు, అక్కడి డాక్టరమ్మ పళ్ళు చూసి ఒక్క మాటే అడిగింది. "చిన్నప్పుడు ఏ ఊర్లో పెరిగినావమ్మా?"

బ్లీచింగ్ అంటే భూతం కాదు. అందులో వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదంటే కార్బమైడ్ పెరాక్సైడ్. అది ఎనామెల్ లోపలికి ఇంకి, రంగునిచ్చే పదార్థాలను చిన్నచిన్న ముక్కలుగా విరగ్గొడుతుంది. అప్పుడు పన్ను లేతగా కనిపిస్తుంది. వయసు వల్ల వచ్చిన పసుపుకు, టీ కాఫీల వల్ల లోపలికి దిగిన ఛాయకు బాగానే పనిచేస్తుంది. శాశ్వతం కాదు, కొన్ని నెలలకో కొన్నేండ్లకో రంగు మళ్ళీ తిరుగుతుంది. సిమెంటు పెట్టిన పళ్ళ రంగు, తొడుగు వేసిన పళ్ళ రంగు దీంతో మారదు. పళ్ళు జివ్వుమనడం మామూలుగా వచ్చే ఇబ్బంది, ఎక్కువగా కొన్నాళ్ళకు తగ్గిపోతుంది. ఐరోపా దేశాల్లో అయితే 0.1 శాతం కంటే ఎక్కువ పెరాక్సైడ్ ఉన్నదాన్ని దంతవైద్యుల చేతిమీదుగానే వాడాలి, 6 శాతం దాటకూడదు, 18 ఏండ్లలోపు వాళ్ళకు వాడకూడదు అని నియమం ఉంది.

ఫ్లోరోసిస్ మచ్చ దగ్గర మాత్రం బ్లీచింగ్ ఒక్కటే చాలదు. లేత మచ్చలకు పైపొరను అతి పల్చగా అరగదీసే పద్ధతి ఒకటి ఉంది, మచ్చలోకి రెసిన్ ఇంకించే పద్ధతి ఒకటి ఉంది. ముదురు మచ్చలకు, గుంటలకు వెనీర్ అనే పల్చటి రేకు అతికిస్తారు, లేదంటే తొడుగు వేస్తారు. వాటికి సొంత పంటిని కొంత అరగదీయాల్సి రావచ్చు. అరగదీసిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. ఆ రేకులూ తొడుగులూ కొన్నేండ్లకు మార్చుకోవాలి. ఇరవై ఏండ్ల వయసులో ఇది మొదలుపెడితే బతుకంతా ఆ ఖర్చు వెంట వస్తుంది. ఇవన్నీ ముందే చెప్పి, అప్పుడు ఎంచుకోమంటే అది వైద్యం. ఇవేవీ చెప్పకుండా డబ్బు కట్టించుకుంటే దాన్ని నేను వ్యాపారమే అంటాను.

డబ్బు లేనివాళ్ళు ఇంట్లో చేసుకునేది ఇంకా భయం. మన హాస్టల్లోనే నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దేవాళ్ళు ఉన్నారు. బొగ్గుపొడి, ఉప్పు, మా ఊర్లో అయితే ఇటుకపొడి. నిమ్మరసం పులుపు ఎనామెల్‌ను కరిగిస్తుంది, బొగ్గు, ఇటుక దాన్ని గీరేస్తాయి. మొదటి వారం తెల్లగా అనిపిస్తుంది. ఎనామెల్ పల్చబడేకొద్దీ కింద ఉన్న డెంటిన్ పసుపు పైకి వస్తుంది. తెల్లబడాలని రుద్దిన పన్ను ఇంకా పసుపుగా అవుతుంది. ఫ్లోరోసిస్ ఎక్కువగా ఉన్న పంటి ఎనామెల్ అసలే పెళుసు, దానికి ఈ రుద్దుడు మరీ చేటు.

తెలుపు ఎవరి కోరిక?

కొందరు నన్ను అడిగినారు. "అయితే తెల్లగా ఉండాలనుకోవడం తప్పా? నీకు లేదా ఆ ఆశ?" అని. ఉంది. అద్దం ముందు నిలబడినప్పుడు నాకూ ఉంటుంది. ఎవరైనా తన సొంత డబ్బుతో, అన్నీ తెలుసుకుని, తన సంతోషం కోసం వైద్యం చేయించుకుంటే నేను కాదనను. మచ్చ వల్ల మనసు కుంగిపోతుంటే వైద్యం చేయించుకోవడం మంచిదే.

కానీ ఈ కోరిక ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. మొన్నటిదాకా ముఖం తెల్లబడే క్రీములు అమ్మినారు, ఇప్పుడు పళ్ళు. జపాన్‌లో ఒక కాలంలో పెళ్ళయిన ఆడవాళ్ళు పళ్ళను నల్లగా చేసుకునేవాళ్ళు, అదే అందం, అదే మర్యాద. దాన్ని ఒహగురో అంటారు. మన దేశంలోనూ మిస్సీ అనే పొడితో పళ్ళు నల్లబరుచుకునే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ మధ్య మల్లెమొగ్గల పళ్ళున్న పిల్ల నిలబడితే ఆమే చెయ్యి అడ్డం పెట్టుకుని ఉండేదేమో. అందం లెక్క కాలానికొకటి, ఊరికొకటి. అద్దం ముందు నిలబెట్టేది మాత్రం ఎప్పుడూ ఆడపిల్లనే. మా ఊరి మగపిల్లల పళ్ళు కూడా నా పళ్ళలాంటివే, అదే బోరు, అదే నీళ్ళు. వాళ్ళలో ఒక్కడి పెళ్ళికి పళ్ళు అడ్డం వచ్చినట్టు నేను వినలేదు.

ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. ఫ్లోరైడ్ ఇంత చెడ్డదైతే టూత్‌పేస్ట్‌లో ఎందుకు కలుపుతారు అని. కొలతలోనే తేడా ఉంది. పంటి పైన తగిలే కొంచెం ఫ్లోరైడ్ పుచ్చును ఆపుతుంది, అది మంచిదే. కడుపులోకి రోజూ ఎక్కువగా పోతేనే చెరుపు. అందుకే మూడేండ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేండ్లదాకా బఠాణీ గింజంత పేస్ట్ చాలు, మింగకుండా ఉమ్మించాలి అంటారు. పెద్దవాళ్ళం మానేయాల్సిన పని లేదు.

మనం ఏం చేయగలం

తెలుగు శాఖ పిల్లలం, మనకు నీళ్ళతో ఏం పని అంటారేమో. పని ఉంది. మన శాఖలో ఉన్నన్ని పల్లెల పిల్లలు సైన్స్ శాఖల్లో కూడా లేరు. సెలవులకు ఊరికి పోయేటప్పుడు ఒక శుభ్రమైన సీసా తీసుకుపోయి, తాగే నీళ్ళు ఒక లీటరు తెస్తే, తాగునీటి బోర్డు జిల్లా లాబులో పరీక్ష చేయించవచ్చు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళు పరీక్ష చేయడం నేర్పాలని ఉంది, వాళ్ళకు కిట్లు ఇస్తారు. మీ ఊర్లో ఆ ఐదుగురు ఎవరో అడగండి. ఎవరూ లేరంటే పంచాయతీలో ఎందుకు లేరని అడగండి. ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి ఈసారి పోయే ఊర్లో చెట్లు నాటడంతోపాటు నీళ్ళు పరీక్ష చేయించడం కూడా పెట్టుకుందామని మన మేడమ్ గారిని నేను ఇప్పటికే అడిగినాను. "జాబితా రాసుకురా, చూద్దాం" అన్నారు. జాబితాలో ఊర్ల పేర్లు కావాలి, మీరు చెప్పండి.

ఇంట్లో చెప్పాల్సిన మాటలు మూడు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని తీయలేదు, ఆర్.ఓ. యంత్రం తీస్తుంది. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, పైకప్పు నీళ్ళు శుభ్రంగా పట్టుకుంటే చిన్నపిల్లలకు అవే మేలు. ఊరంతటికీ మంచి నీళ్ళు రావడం ప్రభుత్వం పని, అది అడగాలి. వచ్చేదాకా ఉన్న మంచి నీళ్ళు ఎవరికి ముందు పోయాలంటే ఎనిమిదేండ్లలోపు పిల్లలకు, వాళ్ళ తాగే చెంబుకూ, వాళ్ళ అన్నం గిన్నెకూ.

ఇక పళ్ళు తెల్లబెట్టించుకోవాలనుకునే మిత్రులకు. డాక్టర్ను మూడు ప్రశ్నలు అడగండి. ఈ మచ్చ ఏ రకం? మీరు చేసేది దీనికి పనిచేస్తుందా? ఎన్నాళ్ళు నిలుస్తుంది, మళ్ళీ ఎంత ఖర్చవుతుంది? నేరుగా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర చేయించుకోండి. చెప్పకుండా ముందు డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి.

వచ్చే నెల మన శాఖ వార్షిక ఫోటో తీస్తారు. పోయిన ఏడాది ఫోటో శాఖ గదిలో తగిలించి ఉంది, పోయి చూడండి. నవ్వు మొదలయ్యేలోపే పెదవులు మూసుకున్న ముఖాలు అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఈసారి ఆ మాట మన నోట రాకుండా ఉంటే ఆ ముఖాల్లో కొన్నయినా విప్పుకుంటాయి. మీ ఊరి పేరు జాబితాలో రాయాలంటే రెండో సంవత్సరం క్లాసులో కిటికీ పక్క బెంచీలో ఉంటాను, రండి.